బ్రాండెన్‌బుర్గ్ పల్లె చర్చిలు: చరిత్ర, బాగోగులు (తరచుగా అడిగే ప్రశ్నలు)

బెర్లిన్ చుట్టూ ఉన్న బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రంలో సుమారు 1,400 పల్లె చర్చిలు ఉన్నాయి. బెర్లిన్‌లో చదువుకునేవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు సెలవు రోజున ఏదో ఒక ఊరికి వెళ్లి, రాతి చర్చి ఒకటి చూసి వచ్చి అడిగే సందేహాలు చాలావరకు ఒకటే. ఇన్నిసార్లు విడివిడిగా జవాబు చెప్పేకన్నా ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## వెళ్లే ముందు

ఎప్పుడు వెళ్లినా తాళమే వేసి ఉంటుంది. లోపల చూడటం ఎలా?

తలుపు మీదో, పక్కనున్న నోటీసు బోర్డు మీదో చిన్న కాగితం ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో, వాళ్ల ఫోన్ నంబర్ ఏమిటో అందులో రాస్తారు. ఆ మనిషి సాధారణంగా రెండిళ్ల అవతలే ఉండే పెద్దాయనో పెద్దావిడో అయి ఉంటారు. మొహమాటపడకండి, ఫోన్ చేయండి. వాళ్లకు అది ఇబ్బంది కాదు, దూరం నుంచి ఒకరు తమ చర్చి చూడటానికి వచ్చారంటే సంతోషమే.

ఆదివారం వెళ్తే తెరిచే ఉంటుందనుకోవద్దు. ఇక్కడ ఒక పాస్టర్ చాలా ఊళ్లు చూసుకోవాలి, అందుకే చిన్న ఊళ్లలో ఆరాధన నెలకు ఒకటి రెండుసార్లే జరుగుతుంది. ఏటా సెప్టెంబర్ రెండో ఆదివారం దేశమంతటా పాత కట్టడాల తలుపులు తెరిచే రోజు. అది 1993 నుంచి నడుస్తోంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఆ రోజే మంచిది, ఎందుకంటే ఆ రోజు వివరించి చెప్పేవాళ్లు కూడా ఉంటారు.

చెప్పులు విప్పాలా? ఫోటోలు తీసుకోవచ్చా?

విప్పక్కర్లేదు. మగవాళ్లు టోపీ తీయాలి. ఆరాధన జరగనప్పుడు ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీసుకోవచ్చు. బలిపీఠం మీది వస్తువులు ముట్టుకోకూడదు.

ఒక్క చర్చి చూసే టైమే ఉంది. ఏది చూడమంటారు?

నా ఓటు మారియెన్‌ఫెల్డెకు. 1920 దాకా అది విడి ఊరు, ఇప్పుడు బెర్లిన్‌లో భాగం. లోకల్ రైలు దిగి నడిచి వెళ్లొచ్చు. 13వ శతాబ్దం మొదట్లో కట్టిన చర్చి, బెర్లిన్‌లో మిగిలిన అతి పాత కట్టడాల్లో ఒకటి. టవర్, సభ కూర్చునే హాలు, బలిపీఠం ఉండే చిన్న గది, దాని వెనక అర్ధచంద్రాకారపు గోడ, ఇలా నాలుగు భాగాలూ వరసగా ఉంటాయి. చుట్టూ ఊరి పచ్చిక బయలు కూడా మిగిలే ఉంది.

కట్టడం కన్నా చరిత్ర మీద ఆసక్తి ఎక్కువైతే డాలెమ్‌లోని సెయింట్ ఆన్ చర్చికి వెళ్లండి. 1832లో అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన ప్రష్యా రాజ్య ప్రభుత్వం బెర్లిన్ నుంచి కోబ్లెన్జ్ దాకా చెక్క చేతులు ఊపి కబుర్లు పంపే టెలిగ్రాఫ్ లైను వేసినప్పుడు దాని రెండో స్టేషన్ ఈ చర్చి మీదే పెట్టింది. నాజీలను ఎదిరించిన పాస్టర్ మార్టిన్ నీమొల్లర్ పనిచేసిన చర్చి సంఘం ఇదే. ఆయన్ను 1937 జులై 1న అరెస్టు చేశారు.

## కట్టిన కాలం

ఇవి నిజంగా అంత పాతవా, తర్వాత కట్టి పాతగా చూపిస్తున్నారా?

రాతి గోడలు ఎక్కువగా 13వ శతాబ్దానివే. అయితే ఒక్క చర్చి అంతా ఒకే కాలానిది కావడం అరుదు. గోడ 13వ శతాబ్దం, కప్పు దూలాలు 15వ శతాబ్దం, పెద్ద కిటికీలు 18వ శతాబ్దం, ఆర్గాన్ అనే గొట్టాల వాద్యం 19వ శతాబ్దం, ఇలా పొరలు పొరలుగా ఉంటుంది. గోడ పైభాగంలో ఇటుకలతో మూసేసిన సన్నటి కిటికీ ఆనవాళ్లు కనిపిస్తే అవే మొదటి కిటికీలు.

కప్పు వయసు చెట్టు వలయాలను బట్టి లెక్కిస్తారు. దూలంలోంచి పెన్సిలంత సన్నని ముక్క తీసి ఏటేటి వలయాల వెడల్పు కొలుస్తారు. బెరడు దగ్గరి ఆఖరి వలయం మిగిలి ఉంటే ఆ చెట్టును ఏ ఏట కొట్టారో కచ్చితంగా తెలుస్తుంది. అప్పట్లో కలపను పచ్చిగా ఉండగానే వాడేవారు కాబట్టి ఆ కప్పు వేసింది కూడా దాదాపు అప్పుడే అన్నమాట.

ఈ ప్రాంతమంతా చదును నేల కదా, ఇంత రాయి ఎక్కడ దొరికింది?

పొలాల్లో. మంచుయుగంలో స్కాండినేవియా నుంచి కదిలి వచ్చిన హిమానీనదాలు అక్కడి గ్రానైట్‌ను, నైస్ అనే చారల రాళ్లను తోసుకొచ్చి ఇక్కడ వదిలేశాయి. దున్నేటప్పుడు నాగలికి తగిలే ఆ రాళ్లను రైతులు ఏరి పొలం గట్టున పోసేవారు. చర్చి కట్టడానికి అవే పనికొచ్చాయి. ఒకే గోడలో ఎర్రవి, బూడిద రంగువి, నల్ల చుక్కలవి కనిపించడానికి కారణం అదే, ఒక్కో రాయీ ఒక్కో చోటి నుంచి వచ్చింది.

గోడను చూసి వయసు చెప్పొచ్చా?

కొంతవరకు. పాత గోడల్లో రాళ్లను చదరంగా చెక్కి, సమానమైన ఎత్తులో వరసలుగా పేర్చారు. గ్రానైట్‌ను అలా చెక్కడం చాలా కష్టమైన పని. కాలం గడిచేకొద్దీ ఆ ఓపిక తగ్గింది. 14, 15వ శతాబ్దాల గోడల్లో రాళ్లు పగలగొట్టినవి పగలగొట్టినట్టే ఉంటాయి, సందుల్లో ఇటుక ముక్కలు కూరతారు.

గోడకు బాగా దగ్గరగా నిలబడి, ఎండ పక్కనుంచి పడే వేళ చూడండి. కొన్ని చోట్ల రాళ్ల మధ్య సున్నం గార మీద, అది తడిగా ఉన్నప్పుడే తాపీ మొనతో గీసిన గీతలు కనిపిస్తాయి. రాళ్లన్నీ ఒకే కొలతవని అనిపించడానికి అలా గీశారు. ఏడెనిమిది వందల ఏళ్ల నాటి మేస్త్రీ చేతి గీత అది. రిపేరు పేరుతో ఆ గార మీద కొత్త గార పూస్తే ఆ గీత శాశ్వతంగా పోతుంది. పాత కట్టడాల అధికారులు అంత పట్టుబట్టేది ఇలాంటి వాటి కోసమే, అందులో నాకు వాళ్ల మీద విసుగేమీ లేదు.

ఆ టవర్ చూస్తే కోటలా ఉంది. యుద్ధాల కోసం కట్టారా?

ఊళ్లో గైడ్లు అలాగే చెబుతారు కానీ నమ్మకండి. శత్రువును ఎదుర్కొనే ఏర్పాట్లు చాలా టవర్లలో అసలు లేవు. గంటలు మోయాలంటే గట్టి టవర్ కావాలి. పొలాల్లోని రాయితో కట్టాలంటే మీటరుకు అటూ ఇటూగా మందం తప్పదు, ఎందుకంటే లోపలా బయటా రెండు వరసల రాళ్లు పేర్చి మధ్యలో కంకర, సున్నం నింపుతారు. గొడవలప్పుడు జనం లోపలికి వెళ్లి తలుపేసుకుని ఉంటారు, అది వేరే సంగతి.

ఎవరు కట్టించారు? అంత డబ్బు పల్లెటూరికి ఎక్కడిది?

1157లో ఆల్బ్రెఖ్ట్ అనే దొర బ్రాండెన్‌బుర్గ్ కోటను గెలుచుకున్నాక పడమటి నుంచి, ఇప్పటి బెల్జియం వైపున్న ఫ్లాండర్స్ నుంచి, రైన్ నది తీరాల నుంచి రైతులు వలస వచ్చారు. అంతకుముందు ఇక్కడ ఉన్నది స్లావ్ జాతులవాళ్లు. కొత్త ఊరు కొలిచి పంచేటప్పుడే చర్చికి, పాస్టర్‌కు కొంత భూమి విడిగా రాసేవారు. ఆ భూమి ఆదాయంతోనే చర్చి లేచింది. లేనిన్, త్సిన్నా, కోరిన్ మఠాల సన్యాసులు, టెంపెల్‌హోఫ్‌లో టెంప్లర్లనే సైనిక సన్యాసులు కూడా తమ చేతిలోని ఊళ్లలో కట్టించారు. ఆ మాన్యాల్లో కొన్ని నేటికీ సంఘాల పేరునే ఉన్నాయి, రైతులకు కౌలుకు ఇస్తారు.

## మారిన కాలం

ఇది లూథరన్ చర్చి అన్నారు. మరి మరియమ్మ, సెయింట్ల బొమ్మలు ఎందుకున్నాయి?

కట్టినప్పుడు అవి క్యాథలిక్ చర్చిలే. 1539లో ఇక్కడి పాలకుడు రెండో యోఆఖిమ్ మార్టిన్ లూథర్ మొదలుపెట్టిన ప్రొటెస్టెంట్ మార్గానికి మారాడు, ఊళ్లూ ఆయన వెంట మారాయి. లూథరన్లు బొమ్మలను పూజించరు కానీ పగలగొట్టనూ లేదు. పాత చెక్క బలిపీఠాలు చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. గోడల మీది బొమ్మలకు మాత్రం తర్వాతి కాలంలో వెల్ల వేశారు. ఆ వెల్ల కిందే అవి చెక్కుచెదరకుండా మిగిలి, 19, 20వ శతాబ్దాల్లో మళ్లీ బయటపడ్డాయి.

కప్పు నుంచి వేలాడుతున్న చెక్క దేవదూత ఏమిటి?

బాప్తిస్మం ఇచ్చే దేవదూత. 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దంలో ఈ పద్ధతి వచ్చింది. బాప్తిస్మం రోజున తాడు వదిలితే దేవదూత కిందికి దిగుతుంది. దాని చేతిలోని పళ్లెంలో నీళ్లు ఉంటాయి. తర్వాతి తరాలకు అది నచ్చక చాలా వాటిని తీసి అటక మీద పడేశారు. చెయ్యి విరిగి, పురుగు తిన్న దేవదూతలను దించి బాగుచేయడం ఈమధ్య బాగా ఊపందుకుంది. జనం చందా ఇవ్వడానికి ముందుకొచ్చే పనుల్లో ఇది ముందుంటుంది.

గోడకు తగిలించిన కిరీటాలు, పేర్లు రాసిన పలకలు ఎవరివి?

పెళ్లి కాకుండా చనిపోయిన పిల్లలవి, యువతీ యువకులవి. పెళ్లి కిరీటం పెట్టుకునే అదృష్టం లేకపోయిందని, తీగ, కాగితం, గుడ్డ పూలతో కిరీటం కట్టి సమాధి చేసేటప్పుడు పెట్టేవారు. తర్వాత దాన్ని పేరు, వయసు రాసిన పలక మీద ఉంచి చర్చిలో తగిలించేవారు. చాలాచోట్ల దుమ్ము పట్టాయని తీసేశారు. మిగిలినవి చూస్తే ఆగి ఆ పేర్లు చదవండి.

ముందు వైపు గదిలా కట్టిన చెక్క పెట్టె ఎవరికి?

ఊరి జమీందారు కుటుంబానికి. చర్చి పోషకుడు ఆయనే. పాస్టర్‌ను ఎంపిక చేసే హక్కు ఆయనది, మరమ్మతుల ఖర్చులో పెద్ద వాటా ఆయనది. కుటుంబ సమాధులు కూడా చర్చిలోనే ఉండేవి. 1945 భూసంస్కరణలో సోవియట్ ఆక్రమణ ప్రాంతంలో 100 హెక్టార్లు దాటిన ఎస్టేట్లను నష్టపరిహారం లేకుండా స్వాధీనం చేసుకున్నారు. జమీందార్లు వెళ్లిపోయారు. రైతులకు భూమి దక్కింది, కానీ కప్పు కారితే డబ్బు ఇవ్వాల్సిన మనిషి లేకుండా పోయాడు. నేటి కష్టాల్లో కొంత అక్కడ మొదలైందే.

పోషకుల ముద్ర బాగా కనిపించే చోటు నోయ్‌హార్డెన్‌బెర్గ్. 19వ శతాబ్దం మొదట్లో వాస్తుశిల్పి షింకెల్ కట్టిన చర్చి అది. ప్రష్యా ఛాన్సలర్ హార్డెన్‌బెర్గ్ 1822లో చనిపోతే ఆయన గుండెను బలిపీఠంలో భద్రపరిచారు.

కాంపెల్ చర్చిలో కుళ్లని శవం ఉందట, నిజమేనా?

నిజమే. క్రిస్టియన్ ఫ్రీడ్రిఖ్ ఫాన్ కాల్బుట్స్ అనే దొర 1702లో చనిపోయాడు. 1794లో చర్చి బాగుచేస్తూ శవపేటిక తెరిస్తే దేహం ఎండిపోయి ఉంది, కుళ్లలేదు. గొర్రెల కాపరిని చంపాడన్న నింద మీద విచారణ జరిగితే, నేనే చంపి ఉంటే నా శరీరం మట్టిలో కలవకూడదు అని ప్రమాణం చేశాడని ఊరి కథ. జనం ఆ శవం కోసం వస్తారు కానీ, వచ్చినవాళ్లు చర్చిని కూడా తీరిగ్గా చూడాలని నా కోరిక.

గంటలు కొన్ని చోట్ల ఇనుపవి ఎందుకు?

రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ కంచు గంటలను ఆయుధాల కోసం పట్టుకుపోయారు. 1917లో ఆర్గాన్ ముందు వరసలోని తగరపు గొట్టాలు కూడా తీసుకున్నారు. రెండో యుద్ధంలో గంటలను ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు చేశారు. ఏ తరగతివి ముందు కరిగించారు, చరిత్ర విలువ బాగా ఉన్న డీ తరగతివి వదిలారు. కరగకుండా మిగిలినవి యుద్ధం అయ్యాక హాంబుర్గ్ రేవులో గుట్టలుగా పడి ఉన్నాయి, వాటిలో చాలా మళ్లీ తమ ఊళ్లకు చేరాయి. గంటలు తిరిగి రాని ఊళ్లవాళ్లు చవగ్గా దొరికే ఉక్కు గంటలు పోయించుకున్నారు. ఉక్కు తుప్పు పడుతుంది, ఇప్పుడు వాటిని మార్చడం మరో ఖర్చు.

ఓడర్ నది వైపు చాలా చర్చిలకు టవర్ లేదు. ఎందుకు?

1945 ఏప్రిల్‌లో జేలో కొండల దగ్గర సోవియట్ ఎర్రసైన్యంతో పెద్ద యుద్ధం జరిగింది. వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యం, శత్రువు ఫిరంగులకు గురి చూసుకునే గుర్తు దొరకకూడదని టవర్లను తనే పేల్చేసింది. మిగిలినవి కాల్పుల్లో కూలాయి. కొన్ని ఇప్పటికీ కప్పు లేని గోడలుగానే ఉన్నాయి.

1990 దాకా ఇక్కడున్న తూర్పు జర్మనీ ప్రభుత్వం చర్చిలను కావాలని పాడుపెట్టిందా?

కొంత నిర్లక్ష్యం, కొంత సామాను లేకపోవడం. పెంకులు, సిమెంటు, కలప అన్నీ కోటాల మీదే దొరికేవి, చర్చి వంతు ఆఖర్న వచ్చేది. సంఘాల్లో సభ్యులూ తగ్గారు. అయినా పశ్చిమ జర్మనీ చర్చిలు విదేశీ మారకం పంపి కొన్ని కట్టడాలను నిలబెట్టాయి. ఎన్నో ఊళ్లలో సంఘంవాళ్లే సెలవు రోజుల్లో నిచ్చెనలెక్కి పెంకులు సర్దారు. 1990 తర్వాత ఇన్ని చర్చిలు బాగుపడ్డాయంటే, అప్పటిదాకా వాళ్లు వాటిని కూలనివ్వలేదు కాబట్టే.

బొగ్గు గనుల కోసం చర్చిలు కూల్చారన్నది నిజమా?

నిజం. హోర్నో అనే సోర్బ్ జాతి పల్లెను యెన్ష్‌వాల్డె బొగ్గు గని మింగేసింది. ఏళ్ల తరబడి జనం పోరాడినా ఫలితం లేదు, 2004 నవంబర్ 29న చర్చిని పేల్చేశారు. పక్క రాష్ట్రం సాక్సనీలో హోయెర్స్‌డోర్ఫ్ ఊరికీ అదే గతి పట్టింది కానీ చర్చి మాత్రం బతికింది. 600 టన్నులకు పైగా బరువున్న ఆ రాతి కట్టడాన్ని 2007 అక్టోబర్‌లో పెద్ద ట్రాలీ మీద ఎక్కించి, 12 కిలోమీటర్ల దూరంలోని బోర్నా పట్టణానికి చేర్చారు. కట్టడం దక్కింది, ఊరు దక్కలేదు.

## ఇప్పటి బాగోగులు

మీటరు మందం గోడలకు మాటిమాటికీ రిపేర్లు ఎందుకు?

గోడల వల్ల కాదు, నీళ్ల వల్ల. నేను చూసినంతలో నష్టాలన్నిటి మూలం ఒకటే, నీళ్లు వెళ్లకూడని చోటికి వెళ్లడం.

శరదృతువులో చర్చి పక్కనున్న లిండెన్ చెట్ల ఆకులు రాలి చూరు కింది నీటి కాలువను మూసేస్తాయి. వాన నీళ్లు పొంగి గోడ మీదికి కారతాయి. కప్పు దూలం కొన గోడ మీద కూర్చునే చోటు సరిగ్గా అక్కడే. ఆ మూలకు గాలి ఆడదు, వెలుతురు రాదు, పావురాల రెట్ట, పాత గార పొడి పేరుకుని స్పంజిలా తడిని పట్టి ఉంచుతాయి. కింద నుంచి చూస్తే దూలం దిట్టంగానే కనబడుతుంది. పైకెక్కి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగిపోతుంది. కొన కుళ్లిన దూలం కిందికి జారుతుంది, వాసాలు గోడను బయటికి తోస్తాయి, గోడ పగులుతుంది. పగులులోంచి మళ్లీ నీళ్లు.

దీన్ని ఆపడానికి ఏటా రెండుసార్లు కాలువలు శుభ్రం చేసి, జారిన పెంకులు సర్దితే చాలు. ఒక పూట పని. అది చేయక పదేళ్లు వదిలేసిన చర్చికి పరంజా కట్టాల్సి వస్తుంది. కొత్త రంగులకు, లైట్లకు ఉత్సాహంగా డబ్బు పోగుచేసి కాలువల సంగతి మరిచిపోయే సంఘాలను చూస్తే బాధ కలుగుతుంది.

సిమెంటుతో గట్టిగా పూసేస్తే తడి రాదు కదా?

పాత గోడకు సిమెంటు శత్రువు. సున్నం గార తడిని పీల్చుకుని మళ్లీ గాలికి వదులుతుంది. సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుంటుంది, చలికి గడ్డకట్టి ఉబ్బుతుంది, పూత పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది, ఊడుతూ పాత గారను కూడా లాక్కుపోతుంది. 20వ శతాబ్దంలో మంచి ఉద్దేశంతో వేసిన సిమెంటు పూతలను జాగ్రత్తగా తీయడమే ఇప్పుడు మేస్త్రీలకు పెద్ద పని.

దూలాలు పాడైతే కప్పంతా కొత్తది వేస్తారా?

లేదు. కుళ్లిన కొనను మాత్రం కోసి, అదే జాతి ఎండిన కలప ముక్కను ఏటవాలుగా అతికి, చెక్క చీలలతో బిగిస్తారు. దూలంలో మిగతా భాగం అలాగే ఉంటుంది. పాత వడ్రంగులు దూలాల మీద గొడ్డలితో, ఉలితో కొట్టిన అంకెల గుర్తులు ఉంటాయి, ఏది ఎక్కడ అమర్చాలో తెలియడానికి. వాటిని పోనివ్వరు.

తెల్లటి దూదిలాంటి పొర, ఎర్రటి పొడి కనిపిస్తే మాత్రం కంగారుపడాల్సిందే. అది చెక్కను తినే బూజు. గార వెనక నుంచి కూడా పాకి, పొడి చెక్కకు తనే నీళ్లు మోసుకుపోతుంది. అది పట్టిన చోట చుట్టూ ఉన్న మంచి కలపను కూడా కొంత మేర తీసేయాలి.

అటక మీదికి ఎక్కనివ్వరు, ఎందుకు?

తూర్పు జర్మనీ కాలంలో పురుగు పట్టకుండా దూలాలకు హైలోటాక్స్ అనే మందు కొట్టారు. అందులో డీడీటీ, లిండేన్ అనే విషపు పురుగుమందులు ఉన్నాయి. ఇప్పటికీ కొన్ని దూలాల మీద తెల్లటి సన్న స్ఫటికాలుగా మెరుస్తూ కనిపిస్తుంది. ఆ దుమ్ము పీల్చకూడదు. పనివాళ్లు మాస్కులు, పూర్తి కవచం వేసుకుని ముందు దుమ్మంతా ప్రత్యేక వాక్యూమ్‌తో లాగాకే రిపేరు మొదలుపెడతారు. ఖర్చు పెరగడానికి ఇదీ ఒక కారణం.

చలికాలంలో లోపల గడ్డకట్టే చలి. మంచి హీటర్ పెట్టుకోవచ్చుగా?

ఒక్కసారిగా వేడి చేస్తే గాలి పొడిబారి ఆర్గాన్ చెక్క, బలిపీఠం మీది రంగు పగులుతాయి. అందుకే గంటకు ఒకటి, ఒకటిన్నర డిగ్రీ చొప్పున మెల్లగా పెంచాలంటారు. దానికి చాలా కరెంటు కావాలి. తెలివైన పద్ధతి మరొకటి ఉంది. ఆర్గాన్ గ్యాలరీ కింద గాజు గోడ కట్టి, ముప్పై నలభైమంది పట్టే గది చేసి, దాన్ని మాత్రమే వేడి చేస్తారు. శీతకాలం ఆరాధనలు అందులోనే. లేదంటే బెంచీల మీద పరిచే వేడి మెత్తలు ఉన్నాయి.

ఎండ కాసే రోజు తలుపులు బార్లా తెరిస్తే తడి ఆరిపోతుంది కదా?

వసంతంలో అలా చేస్తే నష్టమే. గోడలు ఇంకా చలిగా ఉంటాయి, బయటి వెచ్చటి గాలిలో తేమ ఎక్కువ. ఆ గాలి చల్లటి గోడకు తగిలి నీటి చుక్కలవుతుంది, ఆర్గాన్ లోపల బూజు పడుతుంది. బయటి గాలి లోపలి గాలి కన్నా పొడిగా ఉన్నప్పుడే తెరవాలి. తేమ కొలిచే చిన్న మీటర్లు లోపల ఒకటి, బయట ఒకటి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

టవర్‌లో గబ్బిలాలు, గుడ్లగూబలు ఉన్నాయి. తరిమేస్తారా?

తరమకూడదు, చట్టం వాటిని కాపాడుతుంది. పిల్లలు పెట్టే కాలంలో ఆ భాగంలో పని ఆపుతారు. పావురాలు రాకుండా వల కట్టి, గుడ్లగూబకు గోడలో విడిగా చెక్కపెట్టె పెట్టడం మామూలు.

టవర్ కొన మీద మెరిసే బంతిలో ఏదో దాస్తారట?

దాస్తారు. రాగి బంతి లోపల ఒక గొట్టంలో ఊరి విశేషాలు రాసిన కాగితాలు, ఆనాటి పత్రిక, నాణేలు పెట్టి మూసేస్తారు. మళ్లీ టవర్ బాగుచేసేటప్పుడు ఊరంతా చేరి తెరుస్తారు. ధాన్యం ధర, పాస్టర్ పేరు, ఎవరెవరు చందా ఇచ్చారు అన్నీ అందులో ఉంటాయి. పాత కాగితాలకు నకలు తీసుకుని, కొత్త కాగితాలు చేర్చి మళ్లీ పైకి పంపుతారు. 1945లో సైనికులు సరదాకు కాల్చిన తూటా రంధ్రాలు చాలా బంతుల మీద ఉంటాయి.

చర్చి చుట్టూ ఉన్న సమాధులు ఎప్పటికీ ఉంటాయా?

ఉండవు. స్థలం కౌలు లాంటిది, సాధారణంగా 20 నుంచి 30 ఏళ్లకు. గడువు పొడిగించకపోతే రాయి తీసేస్తారు. చరిత్ర విలువ ఉన్న రాళ్లను మాత్రం ఉంచుతారు.

## డబ్బు సంగతి

ఇవి ప్రభుత్వానివా?

ఎక్కువగా స్థానిక సంఘానివే. సభ్యులు ఎన్నుకున్న సంఘ కమిటీ నిర్ణయాలు తీసుకుంటుంది. కానీ పాత కట్టడాల చట్టం వర్తిస్తుంది కాబట్టి కిటికీ రంగు మార్చాలన్నా జిల్లా అధికారుల అనుమతి కావాలి.

మేం ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాం. చర్చి ట్యాక్స్ మేమూ కట్టాలా?

సభ్యులైతేనే. అడ్రస్ రిజిస్టర్ చేసుకునేటప్పుడు మతం అడుగుతారు. ప్రొటెస్టెంట్, క్యాథలిక్ అని నమోదైతే జీతంలోంచి కోత మొదలవుతుంది. అది జీతం మీద కాదు, ఆదాయపు పన్ను మీద శాతం. బవేరియా, బాడెన్ వుర్టెంబెర్గ్‌లలో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం. హిందువులకు, ముస్లింలకు, ఏ మతమూ లేదని రాసినవాళ్లకు ఇది లేదు. ఆ గడి నింపేటప్పుడు ఆలోచించి నింపండి, ఎందుకంటే తర్వాత మానుకోవాలంటే బ్రాండెన్‌బుర్గ్‌లో స్థానిక కోర్టుకు వెళ్లి సంతకం పెట్టాలి.

ట్యాక్స్ వస్తుంటే మళ్లీ చందా డబ్బా ఎందుకు?

రాష్ట్ర జనాభాలో చర్చి సభ్యులు ఐదో వంతు కూడా లేరు. వచ్చిన పన్ను జీతాలకు, పిల్లల బడులకు, సేవా పనులకు పోగా మిగిలింది ఇన్ని కట్టడాలకు చాలదు. ఒక కప్పు, ఒక టవర్ అంటేనే లక్షల యూరోలు. అందుకే ప్రతి రిపేరూ పది చేతుల డబ్బు. సంఘం, దానికి పైనుండే ప్రాంతీయ చర్చి, రాష్ట్రం, కేంద్రం, యూరప్ గ్రామీణ నిధి, 1985లో మొదలైన జర్మన్ పాత కట్టడాల ఫౌండేషన్, ప్రొటెస్టెంట్ చర్చి 1997లో పెట్టిన కట్టడాల ఫౌండేషన్, తలా కొంత ఇస్తాయి. ఇచ్చే ముందు అందరూ అడిగే మాట ఒకటే, మీ ఊరు ఎంత వేసుకుంది అని. చందా డబ్బాలోని చిల్లరకు అక్కడ విలువ వస్తుంది.

జనం రాని చర్చిని అమ్మేస్తే పోదా?

కొన్నిచోట్ల వాడకం మారింది. మీలో అనే ఊళ్లో చర్చి లోపల బ్యాంకు శాఖ పెట్టారు. బెర్లిన్ రింగ్ రోడ్డు పక్కన త్సేస్టోలో పాడుబడబోయిన చర్చిని 2014లో హైవే ప్రయాణికులు ఆగి కాసేపు కూర్చునే ప్రార్థనాలయంగా మార్చారు. నాకు ఈ రెండోది ఎక్కువ నచ్చింది. కానీ అమ్మడం ఆఖరి మార్గమే కావాలి. బడి మూతపడి, కొట్టు మూతపడి, బస్సు తగ్గిన ఊళ్లో అందరూ కూడే పెద్ద గది ఇదొక్కటే, మన పల్లెల్లో రామాలయం అరుగులాగా.

## చేయి కలపాలంటే

నేను క్రైస్తవుణ్ణి కాను. చర్చి బాగుచేసే సొసైటీలో చేరొచ్చా?

నిరభ్యంతరంగా. సొసైటీ రిజిస్టర్ కావాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి, వాళ్ల మతం ఎవరూ అడగరు. ఎన్నో ఊళ్లలో సగంమంది ఏ చర్చికీ చెందనివాళ్లే. తాతలను పాతిపెట్టిన చోటు, తాము పుట్టిన ఊరి టవర్ కూలకూడదన్నదే వాళ్ల పట్టుదల. 1990లో మొదలైన బెర్లిన్ బ్రాండెన్‌బుర్గ్ పాత చర్చిల సమితి ఇలాంటి చిన్న సొసైటీలకు సలహా, కొంత డబ్బు ఇస్తుంది, ఏటా తెరిచి ఉండే చర్చిల పుస్తకం వేస్తుంది.

జర్మన్ అంతగా రాదు. నేనేం చేయగలను?

ఆకులు ఊడ్చడానికి, కచేరీ రోజు కుర్చీలు వేయడానికి, కేకు అమ్మడానికి భాష పెద్దగా అక్కర్లేదు. పాత ఫోటోలు స్కాన్ చేయడం, వెబ్ పేజీ చూసుకోవడం లాంటివి మనవాళ్లకు కొట్టిన పిండి, అవి చేసేవాళ్లు పల్లెల్లో దొరకడం కష్టం. మెట్లు, నిచ్చెనలు మాత్రం అనుమతి లేకుండా ఎక్కొద్దు.

మన తెలుగుకు, ఈ ప్రాంతానికి పాత సంబంధం ఏమైనా ఉందా?

ఉంది. తెలుగు వ్యాకరణం రాసి, బైబిల్‌ను తెలుగులోకి తెచ్చిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1689లో అప్పటి బ్రాండెన్‌బుర్గ్‌లోని జొనెన్‌బుర్గ్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. మద్రాసులో ఏళ్లపాటు పనిచేసి 1743లో తిరిగి వచ్చాక హాల్లె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తర్వాతి శతాబ్దంలో మరో రెండు దారులు కలిశాయి. హెల్మ్‌స్టెట్‌లో పుట్టి అమెరికా వెళ్లిన లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరాడు. హెర్మన్స్‌బుర్గ్ అనే పల్లెటూరి సంఘం పంపినవాళ్లు నాయుడుపేట, గూడూరు, సూళ్లూరుపేట వైపు పనిచేశారు. గుంటూరు లూథరన్ కుటుంబాల పిల్లలు ఇక్కడి చర్చిలో కూర్చుంటే, భాష రాకపోయినా కొన్ని పాటల రాగాలు గుర్తుపడతారు.

మేముండే ఊళ్లో చర్చి కప్పు కారుతోంది. ఎవరికి చెప్పాలి?

ముందు నోటీసు బోర్డు మీదున్న సంఘం ఆఫీసుకు, ఫోటోతో సహా. నీళ్లు ఏ వైపు కారుతున్నాయో, ఎప్పుడు చూశారో రాయండి. జవాబు రాకపోతే జిల్లా పాత కట్టడాల ఆఫీసుకు రాయొచ్చు. కింద పడిన పెంకు, రాయి, రంగు పెచ్చు ఏదైనా దొరికితే పారేయకుండా, ఇంటికి తీసుకెళ్లకుండా, పడిన చోటు ఫోటో తీసి తాళంచెవి ఉన్న మనిషికి అప్పజెప్పండి.